పూల ఫోటోలకు వెనక ఏ రంగు పెట్టాలి? (మందారాల కేటలాగ్ కోసం)

కడియం_నర్సరీ
అందరికీ నమస్కారమండి. మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. రెక్క మందారం, ముద్ద మందారం, హైబ్రిడ్లు కలిపి మందారాల్లోనే చాలా రకాలు పెంచుతున్నాం. ఈమధ్య ఆర్డర్లు ఎక్కువగా వాట్సాప్‌లోనే వస్తున్నాయి. మొక్కను చూడకుండా, ఫోటో చూసి కొనేవాళ్లే ఎక్కువ. అందుకని రకానికో మంచి ఫోటో తీసి కేటలాగ్ చేద్దామనుకుంటున్నాం.

చిక్కేమిటంటే, మొక్క తీసుకెళ్లి అది పూశాక "ఫోటోలో రంగు ఇది కాదు కదా" అని కొందరు ఫోన్ చేస్తున్నారు. గులాబీ రంగు, పీచ్ రంగు రకాలకే ఈ మాట ఎక్కువ వస్తోంది. ఎర్ర మందారం అయితే రెక్కల మీద ఈనెలే కనిపించవు, మొత్తం ఒకే ఎరుపు ముద్దగా పడుతుంది. ఇప్పటిదాకా మొక్క దగ్గరే, వెనక ఆకులు ఉండగానే తీస్తున్నాం. నల్ల చార్ట్ పెట్టమని ఒకరు, తెల్లదే మంచిదని ఇంకొకరు చెబుతున్నారు. ఒక్కో పువ్వుకు ఒక్కో రంగు చార్ట్ పెట్టాలా, అన్నిటికీ ఒకటే పెట్టాలా? కెమెరా లేదు, ఫోనే. కొన్నవాళ్లు మోసపోయామని అనుకోకూడదు, అదే మా తాపత్రయం.

ఓరుగల్లు_క్లిక్స్
అన్నా, నలుపు పెట్టండి. ఏ రంగు పువ్వైనా నలుపు మీద మస్తుగా లేచి కనిపిస్తుంది. నావన్నీ నలుపు మీద తీసినవే. కాకపోతే చార్ట్ పేపర్ వద్దు, నల్ల వెల్వెట్ గుడ్డ తీసుకోండి. చార్ట్ మీద వెలుతురు పడితే మెరిసి బూడిద రంగుగా కనిపిస్తుంది. వెల్వెట్ నూగు వెలుతురును తిప్పి పంపదు. మందారం పుప్పొడి రాలి దాని మీద పసుపు చుక్కలు పడతాయి, సెల్లో టేప్‌తో అద్ది తీసేయండి.

వెలుగునీడ (విజయవాడ)
వెల్వెట్ గురించి తమ్ముడు చెప్పింది నిజం. నలుపు మీద పువ్వు అందంగా ఉంటుందన్నదీ నిజం. కానీ ఈ పనికి నలుపు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

ఫోన్ గానీ కెమెరా గానీ ఫ్రేమ్ మొత్తం మీద వెలుగు ఎంతుందో చూసి, దాన్ని మధ్యస్థంగా ఉంచాలని చూస్తుంది. ఫ్రేమ్‌లో ముప్పాతిక భాగం నలుపు ఉంటే ఇక్కడ చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. లేత గులాబీ మందారం పాలిపోయి తెల్లబడుతుంది. వెనక తెల్ల కాగితం పెడితే దీనికి తలకిందులు. వెలుగు తగ్గించేస్తుంది, అదే పువ్వు మసకగా, ముదురుగా పడుతుంది. పువ్వు అదే, చోటు అదే, ఫోన్ అదే. వెనక కాగితం మారినందుకే పువ్వు రంగు మారిపోయింది.

రంగు చార్టులతో ఇంకో తంటా. ఆటో వైట్ బ్యాలెన్స్ ఉంటుంది కదా, అంటే లైటు రంగును బట్టి ఫోటో రంగులను ఫోనే సరిచేయడం, వెనక పెద్ద పసుపు చార్ట్ కనిపిస్తే లైటే పసుపుగా ఉందని పొరబడి, ఫోటో మొత్తాన్ని నీలం వైపు లాగుతుంది. పీచ్ రంగు పువ్వు గులాబీలోకి జారిపోతుంది.

ఫోన్‌ను సరిదిద్దినా మన కన్ను ఉంది. పక్కన ఉన్న రంగును బట్టి కన్ను రంగును మార్చి చూస్తుంది. పారిస్‌లో గోబెలిన్ అనే పాత నేత కార్ఖానా ఉంది. అక్కడ అద్దకాల విభాగానికి షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వస్తుంటే పరీక్షించి చూశాడు. అద్దకంలో లోపం లేదు, పక్కన ఏ రంగు దారం నేశారన్నదాన్ని బట్టి నలుపు అలా కనిపిస్తోందని తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. మన మందారానికీ ఇదే వర్తిస్తుంది. గులాబీ రంగు పువ్వును ఎర్ర చార్ట్ మీద పెడితే వెలిసిపోయినట్టు ఉంటుంది, ఆకుపచ్చ మీద పెడితే ఇంకాస్త ఎర్రగా కనిపిస్తుంది. ఇరవై రకాలను ఇరవై రంగుల మీద చూపిస్తే కొనేవాళ్లు ఏ రెండిటినీ పోల్చుకోలేరు.

అందుకే అన్నిటికీ ఒకటే పెట్టండి, అదీ యాష్ కలర్. మరీ లేతది కాదు, మరీ ముదురుది కాదు. నీలం ఛాయ గానీ గోధుమ ఛాయ గానీ లేని బూడిద రంగు. ఫోన్ కోరుకునే మధ్యస్థం దాదాపు అదే కాబట్టి వెలుగూ సరిగా వస్తుంది, వైట్ బ్యాలెన్సూ తప్పదు, కన్నూ పొరబడదు.

మిద్దెతోట_హైదరాబాద్
నేను మొక్కలు కొనేదాన్ని, ఆ వైపు నుంచి చెబుతాను. బూడిద రంగు మీద పువ్వు చూస్తే నాకు కొనాలనిపించదు. ఏదో ఆఫీసు రికార్డు కోసం తీసినట్టు ఉంటుంది. ఆకుల మధ్య పూసిన మందారాన్ని చూస్తే మా మిద్దె మీద కూడా ఇలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది. ఆ ఆశ వల్లే కదండీ కొంటాం. రంగు నిజంగా తెలియాలి, మనసూ లాగాలి. రెండూ ఒకే ఫోటోలో కుదరవా?

పాత_స్టూడియో (గుంటూరు)
కడియం నర్సరీ గారూ, చార్టుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పండి. ఫోటోలు షేడ్ నెట్ కింద తీస్తున్నారా, బయటా? నెట్ ఏ రంగు?

కడియం_నర్సరీ
నెట్ కిందేనండి. ఆకుపచ్చ నెట్. ఎండ నేరుగా పడితే రెక్కలు వాడిపోతాయని అక్కడే తీస్తాం.

పాత_స్టూడియో
అయితే మీ కస్టమర్ల ఫిర్యాదుకు సగం కారణం అక్కడే దొరికింది. ఆకుపచ్చ నెట్ గుండా దిగే వెలుతురులో పచ్చదనం కలుస్తుంది. మనం కాసేపు దాని కింద ఉంటే కన్ను అలవాటు పడిపోతుంది, తేడా తెలియదు. ఫోన్ మాత్రం ఆ పచ్చదనాన్ని తీసేయాలని ఎదురుగా గులాబీ ఛాయ కలుపుతుంది. ఎంత కలపాలన్నది ప్రతి ఫోటోకీ దానికి తోచినట్టు మారుస్తుంది. గులాబీ, పీచ్ రంగులకే ఎక్కువ దెబ్బ తగలడానికి ఇదే కారణం. అవి లేత రంగులు, ఇంత తేడాను కూడా దాచుకోలేవు. తెల్ల మందారాన్ని ఒకసారి నెట్ కిందా ఒకసారి బయట నీడలోనూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, తేలిపోతుంది. మామిడి చెట్టు కింద తీసినా ఇదే వరస, ఆకుల్లోంచి వచ్చే వెలుతురూ పచ్చగానే ఉంటుంది.

ఎండ పడని గోడ వార, పైన ఆకాశం తెరిచి ఉన్నచోట ఒక బల్ల వేసుకోండి. వరండా అంచు అయినా సరే. గోడకు సున్నం గానీ తెల్ల రంగు గానీ ఉంటే మంచిది. నీలం, ఆకుపచ్చ గోడల దగ్గర వద్దు, వాటి రంగు కూడా రెక్కల మీద పడుతుంది. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను ఒక అంకె దగ్గర కట్టేయండి. తెరిచిన నీడకు 7000 కెల్విన్ అటూ ఇటూగా సరిపోతుంది. మొదటి పువ్వుకు పెట్టిన అంకే చివరి పువ్వుకూ ఉండాలి. బూడిద రంగు కాగితం ఫోటోలో బూడిదగానే వచ్చిందంటే అంకె సరైనదని లెక్క. వెలుగునీడ గారు చెప్పిన యాష్ కలర్‌కు నేను ఓటు వేసేది కూడా ఇందుకే. అది పువ్వు వెనక పెట్టే తెర మాత్రమే కాదు, కొలత కూడా.

ఓరుగల్లు_క్లిక్స్
నెట్ సంగతి నాకు తట్టనే లేదు. సర్, మరి ఎర్ర మందారం ముద్దగా పడడం? అది నాకు కూడా అవుతుంది, నలుపు మీదే కాదు, దేని మీద తీసినా.

వెలుగునీడ
ఎరుపుది వేరే కథ. ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పాళ్లు ఉంటాయి. ఎర్ర మందారంలో ఉన్నదంతా దాదాపు ఎరుపు పాలే. ఫోన్ మూడింటినీ కలిపి చూసి, వెలుగు ఇంకా చాల్లేదనుకుంటుంది. అప్పటికే ఎరుపు పాలు అంచుదాకా నిండిపోయి ఉంటుంది. నిండాక అందులో ఎక్కువ తక్కువలు ఉండవు, ఈనెలు పోతాయి, మడతలు పోతాయి. పువ్వు మీద వేలు కాసేపు నొక్కి ఉంచి ఫోకస్ లాక్ చేయండి, పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి జరపండి. రెక్కల మడతలు కనపడేదాకా తగ్గించాలి. కెమెరా ఉన్నవాళ్లు ఎక్స్‌పోజర్‌ను, అంటే వెలుగు మోతాదును, మైనస్ ముప్పాతిక నుంచి మైనస్ ఒకటి దాకా తగ్గించి, వెలుగు పాళ్లను గీతల్లో చూపే హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీతను విడిగా చూసుకోవాలి. ముదురు పసుపు, కనకాంబరం రంగు రకాలకు కూడా ఇంచుమించు ఇదే పద్ధతి.

ఇక్కడే నేను అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. తెర అంటే అందరూ రంగు గురించే మాట్లాడతారు. నేను ముందు చూసేది రంగు కాదు, వెలుగు తేడా. పువ్వు అంచు దాని వెనకున్నదానికంటే లేతగా ఉందా, ముదురుగా ఉందా? ఎర్ర మందారం ఆకుల మధ్య ఉన్న ఫోటోను ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌కు మార్చి చూడండి. పువ్వూ ఆకూ ఒకే బూడిదలో కలిసిపోతాయి. రంగులో అవి ఎంత ఎదురెదురుగా ఉన్నా వెలుగులో ఒకటే. అందుకే ఆ ఫోటో రంగుల్లో చూసినా ఏదో ఇరుకుగా, కంటికి కష్టంగా ఉంటుంది. అదే మందారం వెనక లేత బూడిద వస్తే అంచు గీసినట్టు తెగుతుంది. తెల్ల మందారానికి ముదురు బూడిద కావాలి. ఈ తేడా ఉంటే రంగు కాస్త అటూ ఇటూ అయినా ఫోటో నిలబడుతుంది. ఈ తేడా లేకపోతే ఎంత అందమైన రంగు తెచ్చినా పువ్వు తెరలోకి మునిగిపోతుంది.

వృక్షశాస్త్రం_కాకినాడ
ఆసక్తిగా చదువుతున్నాను. నా ఓటు తెలుపుకు. దానికి కారణం మా జిల్లాలోనే ఉంది. 18వ శతాబ్దం చివర్లో విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి మన కోరమాండల్ తీరం మొక్కలను ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. అవి 1795 నుంచి లండన్‌లో విడతలుగా అచ్చయ్యాయి. ఆ బొమ్మల్లో వెనక ఏమీ ఉండదు, ఖాళీ తెల్ల కాగితం. కొమ్మ, ఆకు, మొగ్గ, విచ్చిన పువ్వు, పక్కన విడదీసిన భాగాలు. ఇన్నేళ్ల తర్వాత కూడా మొక్కను గుర్తుపట్టడానికి అవి పనికొస్తున్నాయి. తర్వాత కాలంలో జర్మనీలో బ్లాస్‌ఫెల్ట్ మొక్కలను దగ్గరగా ఫోటోలు తీసినప్పుడు కూడా వెనక సాదా తెర తప్ప ఇంకేమీ ఉంచలేదు.

నేను చెప్పదలచింది ఏమిటంటే, మందారం అంటే పువ్వు ఒక్కటే కాదు. ఆకు అంచు రంపంలా ఉందా, నున్నగా ఉందా, పువ్వు కింద రక్షక పత్రాలు ఎలా ఉన్నాయి, మధ్యలో కేసరాల కాడ ఎంత పొడవుంది, ఇవన్నీ కనపడాలి. పువ్వును తుంచి తీయకండి, ఒక ఆకూ ఒక మొగ్గా ఉన్న కొమ్మతో తీయండి. ఆకు ఉంటే రంగు నమ్మకం కూడా పెరుగుతుంది, ఎందుకంటే మందారం ఆకు పచ్చదనం అందరికీ తెలుసు. ఆకు రంగు తేడాగా ఉంటే పువ్వు రంగూ తేడాగా ఉందని చూసినవాళ్లే పట్టేస్తారు.

ఇంకో మాట. మందారం చాలా రకాల్లో ఒక్కరోజు పువ్వు. ఉదయం తెల్లగా విచ్చి సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగే జాతి కూడా ఉంది. హైబ్రిడ్లలో ఎండను బట్టి, చలిని బట్టి రంగు ముదరడం, తేలడం సహజం. కాబట్టి ఫోటో ఏ నెలలో, ఏ పూట తీశారో దాని కిందే రాయండి. కొనేవాళ్లకు అదే పెద్ద భరోసా.

పాత_స్టూడియో
మాస్టారూ, కొమ్మతో తీయాలన్న మాట బంగారం. తెలుపు విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. కాగితం మీద బొమ్మ వేసే మనిషి తెల్ల పువ్వు చుట్టూ సన్నని గీత గీస్తాడు, ఫోటోలో ఆ గీత లేదు. తెల్ల మందారం, నందివర్ధనం, మల్లె తెలుపు మీద పెడితే అంచులు కరిగిపోతాయి. పైగా వెనక తెలుపు మరీ వెలిగితే ఆ వెలుగు ముందుకు పొంగి పల్చటి రెక్కల అంచులను తినేస్తుంది.

తెలుపే కావాలంటే మేం స్టూడియోలో చేసే పద్ధతి ఇది. పువ్వుకు అటూ ఇటూ ఫ్రేమ్‌లో పడకుండా రెండు నల్ల అట్టలు నిలబెట్టాలి. రెక్కల అంచుల మీద సన్నటి నీడ గీత ఏర్పడుతుంది. తెల్ల పువ్వు తెలుపు మీద విడిగా నిలుస్తుంది. ముదురు పువ్వులకైతే దీనికి బదులు ఒక పక్క థర్మకోల్ షీట్ పెట్టి వెలుతురు కలపండి.

ఒకే తెరను లేతగానూ ముదురుగానూ చేయవచ్చు, దీనికి కొత్త కాగితం కొనక్కర్లేదు. లైటు దూరం పెరిగేకొద్దీ వెలుతురు ఆ దూరానికి వర్గంగా తగ్గుతుంది. చిన్న బల్బుకు అడుగు దూరంలో పువ్వు, మూడడుగుల దూరంలో తెర ఉంటే తెర మీద పడేది తొమ్మిదో వంతే. తెల్ల కాగితం కూడా అప్పుడు ముదురు బూడిదగా పడుతుంది. వరండాలో పగటి వెలుతురుకు ఇంత తేడా రాదు, కానీ తెరను లోపలికి, చీకటి వైపు జరిపితే ముదురవుతుంది, వెలుగు వైపు లాగితే లేతవుతుంది. పువ్వుకూ తెరకూ మధ్య కనీసం రెండు మూడడుగులు వదలండి. నీడ తెర మీద పడదు, తెర మడతలు మసకబారతాయి, తెర రంగు రెక్కల మీద ప్రతిఫలించదు.

మిద్దెతోట_హైదరాబాద్
నా ప్రశ్నకు జవాబు నాకే దొరికినట్టుంది. రకానికి రెండు ఫోటోలు పెట్టండి. ఒకటి బూడిద మీద, రంగు తెలియడానికి. రెండోది మనసు పడడానికి. ఆ రెండో దానికి తెరలు ఎక్కడ దొరుకుతాయో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. మ్యాచింగ్ సెంటర్! చార్ట్ పేపర్లు కొట్టులో ఏడెనిమిది రంగుల్లో దొరుకుతాయి, అవన్నీ కళ్లు చెదిరే రంగులే. జాకెట్టు ముక్కలైతే ఒక్క ఆకుపచ్చలోనే లేత చిగురు నుంచి పాచి రంగు దాకా వరసగా పేర్చి ఉంటాయి. చీర తీసుకెళ్లినట్టే మొక్క ఆకు ఒకటి తుంచి తీసుకెళ్లండి, దానికంటే రెండు మెట్లు ముదురుగా, కాంతి లేకుండా ఉన్నది అడగండి. టూ బై టూ కాటన్ తీసుకోండి. శాటిన్, పాలిస్టర్ మెరుస్తాయి. ఇస్త్రీ చేసి, మడత పెట్టకుండా కర్రకు చుట్టి ఉంచుకోవాలి.

నా దగ్గర ఎక్కువగా పనికొచ్చేవి పాచి రంగు, ముదురు నీలం, వాడిన వంకాయ రంగు. పసుపు మందారానికీ, బంతికీ ముదురు నీలం బాగుంటుంది. శంఖు పువ్వుకు గోధుమ రంగు. గులాబీ మందారానికి పాచి రంగు. తెర ఎప్పుడూ పువ్వుకంటే నిదానమైన రంగు కావాలి. పువ్వుతో పోటీపడే తెర నాకు నచ్చదు.

వెలుగునీడ
మ్యాచింగ్ సెంటర్ ఆలోచన అద్భుతం మేడమ్. జాకెట్టు ముక్క చిన్నదని ఎవరూ వెనకాడక్కర్లేదు. ఫోన్‌లో రెండింతలు లేదా మూడింతల జూమ్ లెన్స్ పెట్టుకుని కాస్త దూరం నుంచి తీస్తే వెనక కనపడే భాగం తగ్గిపోతుంది, ముక్క సరిపోతుంది. మామూలు లెన్స్‌తో పువ్వు మీదికి వెళ్లి తీస్తే ముందు రెక్క పెద్దదై వెనక రెక్క చిన్నదై పువ్వు ఆకారమే మారుతుంది.

శంఖు పువ్వు పేరెత్తారు కాబట్టి ఒక హెచ్చరిక. నీలానికీ వంకాయ రంగుకూ మధ్య ఉండే పూలను కెమెరాలు తరచూ తప్పుగా చూపిస్తాయి, ఫిల్మ్ రోజుల్లోనూ ఈ బాధ ఉండేది. తెర ఏదైనా సరే, పువ్వును పక్కన పెట్టుకుని స్క్రీన్ మీద పోల్చి సరిచేయాల్సిందే.

కడియం_నర్సరీ
పెద్దలందరికీ ధన్యవాదాలండి. ఈ ఉదయం ప్యాకింగ్ షెడ్డు వెనక ఉత్తరం గోడ వార బల్ల వేశాం. యాష్ కలర్ డ్రాయింగ్ షీట్ పెట్టి, కొమ్మను నీళ్ల సీసాలో నిలబెట్టి తీశాం. స్టూడియో గారు చెప్పినట్టు తెల్ల మందారాన్ని నెట్ కిందా ఇక్కడా తీసి చూశాం. నెట్ కింద తీసినదానికి రెక్కల మడతల్లో పచ్చ ఛాయ, పైభాగంలో గులాబీ ఛాయ ఉన్నాయి. ఇక్కడ తీసింది తెల్లగా ఉంది. పీచ్ రంగు రకం మొదటిసారి పీచ్ రంగులోనే వచ్చిందండి. ఎర్రదానికి వెలుగు తగ్గించాక ఈనెలు కనిపించాయి.

పోర్ట్రెయిట్ మోడ్ పెడితే తెర ఇంకా మసకై బాగుంది కానీ, మధ్యలో కేసరాల కాడ చివర తెగిపోయినట్టు వస్తోంది. దానికి ఏమైనా ఉపాయం ఉందా?

ఓరుగల్లు_క్లిక్స్
పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి అన్నా. అంచు ఎక్కడుందో ఫోనే అంచనా వేసుకుని మసక చేస్తుంది, సన్నటి కేసరాలు దానికి అందవు. తెరను ఇంకో రెండడుగులు వెనక్కి జరపండి, జూమ్ లెన్స్ వాడండి, నిజమైన మసకే వస్తుంది.

ఇప్పుడు నాదొక ప్రశ్న. బతుకమ్మ రోజుల్లో మా దిక్కు తంగేడు, గునుగు చేనుగట్ల మీద విరగబూస్తాయి. అక్కడ తెర పట్టుకుని తిరగలేం కదా. వెనక రంగును ఎట్లా ఎంచుకోవాలి?

వెలుగునీడ
అక్కడ తెరను జరపలేవు కాబట్టి నువ్వే జరగాలి. తంగేడు పసుపు బాగా వెలుగున్న రంగు. వంగి కింది నుంచి తీస్తే వెనక నీలాకాశం వస్తుంది, పసుపుకు నీలం సరిజోడు. కానీ ఆకాశం తెల్లగా మబ్బు పట్టి ఉంటే పువ్వు నల్లబడి, వెనక తెల్లటి ఖాళీ మిగులుతుంది. అలాంటి రోజు పువ్వు ఎత్తుకే దిగి, వెనక దూరంగా చెట్ల నీడ వచ్చేలా పక్కకు జరుగు. నాలుగడుగులు అటు నడిస్తే తెర మొత్తం మారిపోతుంది. గునుగు వెండి, లేత గులాబీ కలిసిన కంకి. దానికి ఆకాశం పనికిరాదు, కలిసిపోతుంది. పై నుంచి వంగి, తడిసిన నల్లరేగడి వెనక వచ్చేలా తీసి చూడు.

మోదుగ ఆకు రాల్చి పూస్తుంది కాబట్టి వెనక ఆకుల గొడవ ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉదయం పూట నీలాకాశం మీద ఆ నారింజ రంగుకు ఇంకేమీ అక్కర్లేదు. తామరకు నీళ్లే తెర. నీటిలో ఆకాశం ప్రతిఫలిస్తే లేత తెర, గట్టు మీది చెట్ల నీడ ప్రతిఫలిస్తే దాదాపు నల్ల తెర. చెరువు చుట్టూ తిరిగి ఏది కావాలో చూసుకోవడమే.

వృక్షశాస్త్రం_కాకినాడ
కడియం వారికి చిన్న సలహా. ప్రతి ఫోటోలో ఒక మూల చిన్న స్కేలు కూడా కనపడేలా పెట్టండి. హైబ్రిడ్ పువ్వు అరచేతంత ఉంటుందా, ఇంకా పెద్దదా అన్నది ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు.

కడియం_నర్సరీ
తప్పకుండా మాస్టారూ. రేపు స్కేలుతో తీస్తాం. నెల, పూట రాయడం ఈరోజే మొదలుపెట్టాం. రాజమండ్రి వెళ్లినప్పుడు పాచి రంగు, ముదురు నీలం ముక్కలు తెస్తాను. మేడమ్ గారూ, వంకాయ రంగు ఏ మందారానికి బాగుంటుందో చెప్పగలరా?

మిద్దెతోట_హైదరాబాద్
లేత పసుపుకూ, తెలుపుకూ బాగుంటుందండి. ఎరుపుకు మాత్రం వద్దు, రెండూ ముదురే కాబట్టి కలిసిపోతాయి.